ఆక్సిజన్ చాంబర్ కంటే ముందు రక్తనాళం: ఒక షుగరు పాదం కేసు

ఆయనకు 58 ఏళ్లు. చిత్తూరుకు దగ్గరలోని పల్లెలో ఆరెకరాల మామిడి తోట, అందులో ఎక్కువ భాగం తోతాపురి. షుగరు బయటపడి 14 ఏళ్లు. రోజుకో కట్ట బీడీలు. ఇరవై ఏళ్ల కిందట క్షయ వస్తే మందులు పూర్తిగా వాడి బయటపడ్డారు. ఆయన, ఆయన కుటుంబం అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను. తిరుపతిలో సర్జన్‌గా నా దగ్గరికి వచ్చేవాళ్లలో షుగరు పుండ్లతో వచ్చేవాళ్లే ఎక్కువ. ఈమధ్య వారిలో చాలామంది హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్స, అంటే ఒత్తిడి పెంచిన చాంబర్‌లో పడుకుని ఆక్సిజన్ పీల్చడం గురించి అడుగుతున్నారు. ఓపీలో ఐదు నిమిషాల్లో చెబితే సగమే చెప్పినట్టవుతుంది. ఆ సగం విని ఇల్లు తాకట్టు పెట్టినవాళ్లను చూశాను. అందుకే మొత్తం రాయాలనిపించింది.

మే నెలలో ఆయన కూతురి పెళ్లి మొక్కు తీర్చడానికి అలిపిరి నుంచి నడిచి కొండెక్కారు. భార్య మెట్టు మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ ఎక్కుతుంటే ఆయన పక్కనే నెమ్మదిగా నడిచారు. సుమారు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. పైకి చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. నీడ లేని చోట నేల ఎలా కాగి ఉంటుందో మే నెలలో నడిచినవాళ్లకు చెప్పనక్కర్లేదు. భార్య అరికాళ్లు మండిపోయి నీడ కోసం పరుగెత్తారు. ఆయనకు ఏమీ అనిపించలేదు. స్వామి దయవల్ల తన కాళ్లు కాలలేదని సంతోషించారు. షుగరు తన పాదాల్లోని నరాలను మొద్దుబార్చిందని ఆయనకు తెలియదు. ఈ 14 ఏళ్లలో ఆయన చెప్పు విప్పించి అరికాలు చూసిన వైద్యుడు ఒక్కరూ లేరు.

పది రోజుల తర్వాత ఒక ఉదయం వాకిట్లో వేసిన ముగ్గు మీద భార్యకు వరుసగా తడి మరకలు కనిపించాయి. పిండి తడిసి పసుపుపచ్చగా ముద్దకట్టి ఉంది. ఒక్క కుడి అడుగు పడిన చోటే అలా ఉంది. ఆయన్ను కూర్చోబెట్టి కాలు ఎత్తి చూస్తే బొటనవేలి కింద బొబ్బ చితికి, చర్మం లేచిపోయి ఉంది. నొప్పి లేదు కాబట్టి పసుపు అద్ది, గుడ్డ కట్టి తోటకు వెళ్లిపోయారు. జూన్ అంటే తోతాపురి కోత మొదలయ్యే రోజులు. కాయ కోయించాలి, ట్రాక్టరుకెత్తించాలి, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలో నిలబడాలి. కాలు సంగతి తర్వాత చూసుకోవచ్చని అనుకున్నారు.

జూన్ మూడో వారం

నా దగ్గరికి వచ్చేసరికి పుండు మూడు సెంటీమీటర్లు. అంచులు మెత్తబడి, లోపల నల్లబడి ఉంది. కట్టు విప్పక ముందే వాసన వచ్చింది. మొద్దు మొన ఉన్న సన్నని లోహపు పుల్లతో లోపల తాకి చూస్తే ఎముక తగిలింది. షుగరు పుండులో ఎముక తగిలిందంటే ఇన్ఫెక్షన్ ఎముకదాకా పాకిందని గట్టిగా అనుమానించాలి. ఎక్స్‌రేలో కూడా ఎముక అంచు కొరికేసినట్టు కనిపించింది. పుండ్ల లోతును కొలిచే వాగ్నర్ వర్గీకరణలో ఇది మూడో గ్రేడ్. జ్వరం 101. షుగరు 318. గడిచిన మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ 10.4.

ఇన్సులిన్ మొదలుపెట్టాం, యాంటీబయాటిక్స్ ఇచ్చాం. మర్నాడు బొటనవేలిని, దాని వెనుక కుళ్లిన ఎముక ముక్కను తీసేశాను. మిగిలింది ఐదు సెంటీమీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గాయం.

ఆ వారంలో నేను చేసిన పొరపాటు ఇక్కడ రాయాలి. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చే పరీక్ష చేశాను. 1.18 వచ్చింది. 0.9 నుంచి 1.3 మధ్య ఉంటే మామూలుగానే తీసుకుంటాం. కాలికి రక్తం బాగానే అందుతోందని కేసు షీటులో రాసి ముందుకు వెళ్లాను. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవాళ్లలో కాలి ధమనుల గోడలకు సున్నం పట్టి గట్టిపడతాయి. బీపీ పట్టీ బిగించినా అవి నొక్కుకోవు. లోపల రక్తం సరిగా పారకపోయినా అంకె బాగానే చూపిస్తుంది. ఇలాంటివాళ్లకు కాలివేలి దగ్గరి పీడనం కొలవాలి. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. అయినా బాగున్న అంకె చూసి ఆగిపోయాను.

ఐదు వారాలు గడిచాయి. జ్వరం పోయింది, వాసన పోయింది, షుగరు 160 దరిదాపుల్లోకి వచ్చింది. మడమ మీదే బరువు పడే చెప్పు, వాకర్ ఇచ్చాం. పుండు మాత్రం ఉన్నచోటే ఉంది. అడుగున దానిమ్మ గింజల్లా ఎర్రని కండ రావాలి. ఈయన పుండు అడుగు తడిసిన కాగితంలా పాలిపోయి ఉండేది. తుడిస్తే రక్తపు చెమ్మ కూడా వచ్చేది కాదు.

ఆ రోజుల్లోనే పెద్దకొడుకు ఫోను పట్టుకుని నా గదికి వచ్చాడు. "సార్, మా నాయనను ఆక్సిజన్ పెట్టెలో పెడితే కాలు తీయాల్సిన పనే ఉండదంటున్నారు. 40 సిట్టింగుల ప్యాకేజీ. సగం డబ్బు ఇప్పుడే కడితే రేపే మొదలుపెడతామన్నారు" అన్నాడు. ఫోనులో ఫొటో చూపించాడు. జిప్పు ఉన్న పొడవాటి గాలి సంచి, అందులో ఒకరు పడుకుని నవ్వుతున్నారు. వాళ్లు పంపిన సందేశంలో రోగి పుండు ఫొటో అడగలేదు, రిపోర్టులు అడగలేదు. పేరు, వయసు, ఊరు అడిగి ధర చెప్పారు.

ఆ పెట్టెలో జరిగేదేమిటి

కొడుకును కూర్చోబెట్టి చెప్పింది ఇది. మామూలుగా మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తులు దాన్ని ముందే దాదాపు నిండుగా నింపేస్తాయి. ముక్కుకు మాస్కు పెట్టి ఎంత ఆక్సిజన్ ఇచ్చినా అందులో ఇంకా ఎక్కించడానికి పెద్దగా చోటు ఉండదు. కాని గోలీసోడాలో గ్యాసును ఒత్తిడితో నీళ్లలో కరిగించినట్టు, ఒత్తిడి పెంచితే ఆక్సిజన్ రక్తంలోని ద్రవభాగంలో నేరుగా కరుగుతుంది. మామూలు గాలి పీల్చేటప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తంలో అలా కరిగి ఉండేది 0.3 మిల్లీలీటర్లే. మామూలు వాతావరణ పీడనానికి మూడు రెట్ల పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే అది సుమారు ఆరు మిల్లీలీటర్లకు చేరుతుంది. విశ్రాంతిగా ఉన్న శరీరానికి దాదాపు అది చాలు. 1960లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బూరెమా అనే సర్జన్ పందుల రక్తంలోంచి ఎర్ర కణాలను దాదాపు పూర్తిగా తీసేసి, అధిక పీడనంలో ఆక్సిజన్ ఇచ్చి వాటిని బతికించి చూపించారు.

పుండుకు దీనితో ప్రయోజనం ఏమిటంటే, ఆక్సిజన్ ఆకలితో మూలన పడి ఉన్న తెల్ల కణాలు మళ్లీ క్రిములను చంపే శక్తి తెచ్చుకుంటాయి, కొత్త సన్నని రక్తనాళాలు మొలుస్తాయి, చర్మానికి పటుత్వం ఇచ్చే కొలాజెన్ తయారవుతుంది. ఇవేవీ ఒక్క రోజులో జరగవు. అందుకే 30, 40 సిట్టింగులు.

కొడుకు పక్కన నిలబడి ఇదంతా విన్న తండ్రి ఒక మాట అన్నారు. "డాక్టరు గారూ, మా తోటలో డ్రిప్పు పైపు మూసుకుపోతే మోటారు ఎంత గట్టిగా కొట్టినా చెట్టు వేరుకు నీళ్లు అందవు. ఇదీ అంతే కదా?"

అంతే. ఆక్సిజన్‌ను ఎంత కరిగించినా దాన్ని పాదానికి మోసుకువెళ్లాల్సింది రక్తమే. ఆ మాట వినగానే నా కేసు షీటులోని 1.18 గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే రెండో వేలి దగ్గర పీడనం కొలిపించాను. 28 మిల్లీమీటర్లు. 30 కంటే తక్కువ ఉంటే ఆలస్యం చేయకుండా రక్తనాళాల చిత్రం తీయించాలని అంతర్జాతీయ మధుమేహ పాద మార్గదర్శకాలు చెబుతున్నాయి. రక్తం పారే తీరును చూపే డాప్లర్ స్కాన్‌లో మోకాలి కింద ముందువైపు ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంది, వెనుకది సన్నబడి ఉంది. ఐదు వారాలుగా మేం కడుతున్న కట్లన్నీ నీళ్లు రాని పైపు చివర మొక్కకు పాదు తీసినట్టే అయ్యాయి.

ఆ రోజు నేను ఆయనకు, కొడుక్కి జరిగింది జరిగినట్టు చెప్పాను. నా పరీక్ష తప్పుదారి పట్టించిందని, ముందే వేలి పీడనం చూడాల్సిందని చెప్పాను. కొడుకు చాలాసేపు మాట్లాడలేదు. తండ్రి మాత్రం "ఇప్పుడు ఏం చేద్దాం?" అని అడిగారు.

సంచి, చాంబర్ ఒకటి కావు

ఫోనులో చూపించిన గాలి సంచి గురించి కూడా చెప్పాలి. అలాంటి మెత్తని సంచుల్లో పీడనం సుమారు 1.3 అట్మాస్ఫియర్ల (మామూలు వాతావరణ పీడనానికి 1.3 రెట్ల) దాకానే వెళ్తుంది, చాలావాటిలో నింపేది మామూలు గాలే. కనీసం 1.4 అట్మాస్ఫియర్ల పీడనంలో దాదాపు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చడాన్నే హైపర్‌బారిక్ చికిత్స అంటారు. పుండ్లకు వాడేది సాధారణంగా 2 నుంచి 2.5. అది గట్టి గోడలున్న చాంబర్‌లోనే సాధ్యం. ఆ సంచులు తయారైంది ఎత్తయిన కొండల మీద ఊపిరి ఆడక జబ్బుపడినవాళ్ల కోసం. పుండు మాన్పడానికి సంచిని అమ్మేవాళ్ల దగ్గర డబ్బు కట్టకండి. సగం డబ్బు ముందే అడిగారంటే ఇంకా జాగ్రత్త పడండి.

ఇక ఈయన సంగతి. ధమనిని తెరవడానికి ఆగస్టు మొదటి వారంలో యాంజియోప్లాస్టీ జరిగింది. మూసుకుపోయిన ధమని కొంత తెరుచుకుంది. పాదం లోపలి చిన్న కొమ్మలు చాలావరకు ఎండిపోయి ఉండటంతో పూర్తి ఫలితం రాలేదు. మూడు వారాలు ఆగి, పుండు పక్క చర్మం మీద చిన్న ఎలక్ట్రోడ్ అంటించి అక్కడి ఆక్సిజన్ కొలిపించాం. యాంజియోప్లాస్టీకి ముందు 22 ఉన్నది 34కు వచ్చింది. 40 దాటకపోతే పుండు దానంతట అది మానడం కష్టం. చెన్నైలోని ఒక కేంద్రంలో చాంబర్ లోపల ఆక్సిజన్ పీలుస్తుండగా అదే చోట మళ్లీ కొలిస్తే 260 వచ్చింది. లోపల 200 దాటితే చికిత్స పనిచేసే అవకాశం బాగుందని అర్థం. అంటే పైపు కొంత తెరుచుకుంది, ఇప్పుడు మోటారు గట్టిగా కొడితే నీళ్లు వేరుదాకా చేరతాయి.

అప్పుడు మాత్రమే చాంబర్‌కు పంపాలని నిర్ణయించాను. అప్పుడు కూడా కుటుంబానికి హామీ ఇవ్వలేదు. ఎందుకంటే పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. 2010లో స్వీడన్‌లో 94 మందిపై జరిగిన అధ్యయనంలో ఏడాది తర్వాత చాంబర్ చికిత్స పొందినవాళ్లలో 52 శాతం మందికి పుండు మానింది, ఉత్తుత్తి చికిత్స పొందినవాళ్లలో 29 శాతం మందికే. 2016లో కెనడాలో 103 మందిపై, 2018లో నెదర్లాండ్స్‌లో 120 మందిపై జరిగిన అధ్యయనాల్లో అలాంటి స్పష్టమైన మేలు కనిపించలేదు. నెదర్లాండ్స్ అధ్యయనంలో చాలామంది సిట్టింగులు పూర్తి చేయలేకపోయారు కూడా. నా అభిప్రాయంలో ఈ భేదానికి ఒక కారణం రోగుల ఎంపిక. రక్తనాళం తెరవకుండా పంపినవాళ్లు, చాంబర్ లేకపోయినా మానే పుండ్లున్నవాళ్లు, నిజంగా అవసరమైనవాళ్లు ఒకే గంపలో పడితే లెక్క కలగాపులగం అవుతుంది. అమెరికా ప్రభుత్వ బీమా అయితే వాగ్నర్ మూడో గ్రేడ్ లేదా అంతకు మించి ఉండి, 30 రోజుల సరైన చికిత్స తర్వాత కూడా మెరుగు కనిపించని షుగరు పుండ్లకే డబ్బు చెల్లిస్తుంది. ఈ నియమం నాకు న్యాయంగా అనిపిస్తుంది.

ముందు పరీక్షలు

చాంబర్‌లోకి వెళ్లే ముందు తప్పనిసరిగా చూడాల్సింది ఛాతీ. ఊపిరితిత్తి బయట గాలి చేరి ఉంటే, దాన్ని తీయకుండా చాంబర్‌లోకి పంపడం ప్రాణాంతకం. పీడనం తగ్గేటప్పుడు ఆ గాలి ఉబ్బుతుంది. మన దగ్గర పాత క్షయ, బీడీ కలిసి ఊపిరితిత్తుల్లో గాలి బుడగలు మిగిల్చిన రోగులు చాలామంది ఉంటారు. ఈయన ఛాతీ ఎక్స్‌రే బాగానే కనిపించినా సీటీ స్కాన్ కూడా తీయించాను. ఒకసారి బాగున్న అంకెను నమ్మి ఐదు వారాలు పోగొట్టుకున్నాను కదా. పైభాగంలో పాత మచ్చ తప్ప గాలి బుడగలు లేవు.

గుండె పంపింగు చూశాం. చెవులు, కళ్లు చూశారు. మూర్ఛ ఉందా, చెవికి ఎప్పుడైనా ఆపరేషన్ జరిగిందా, కేన్సర్‌కు బ్లియోమైసిన్ లాంటి మందులు వాడారా, పేస్‌మేకర్ ఉందా అని అడుగుతారు. ఇవి ఉన్నాయని చెబితే చికిత్స ఇవ్వరేమోనని దాచేవాళ్లున్నారు. దాచవద్దు. జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉన్న రోజున సిట్టింగు వాయిదా వేయడమే మంచిది.

బీడీ మానాలని చెప్పాను. ప్రతి బీడీ రక్తనాళాన్ని బిగిస్తుంది. లోపల 90 నిమిషాలు ఆక్సిజన్ పీల్చి, బయటికొచ్చి బీడీ ముట్టించే మనిషికి ఈ చికిత్స ఇవ్వడం డబ్బు పారబోయడమే. తల ఊపారు.

చెన్నైలో ఆరు వారాలు

తిరుపతి నుంచి చెన్నై రోజూ వెళ్లి రావడం కుదిరే పని కాదు. తల్లి తోట చూసుకుంటే, తండ్రీకొడుకులు చికిత్సా కేంద్రానికి దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. వారానికి ఐదు రోజులు, రోజుకొక సిట్టింగు, మొత్తం 30. పీడనం 2.4 అట్మాస్ఫియర్లు, అంటే సముద్రంలో దాదాపు 14 మీటర్ల లోతుకు దిగినప్పుడు ఒంటి మీద పడే ఒత్తిడి. ఖర్చు సంగతికొస్తే, సిట్టింగు ధరకు గది అద్దె, తిండి, రానుపోను చార్జీలు, తోడున్న మనిషి పోగొట్టుకున్న కూలి కలిపితేనే అసలు లెక్క తేలుతుంది. బీమా వర్తిస్తుందా లేదా అన్నది నోటిమాటగా కాక కాగితం మీద రాయించుకోమని చెప్పాను.

చాంబర్ ఒక మనిషి పడుకోగలిగే పారదర్శకమైన అక్రిలిక్ గొట్టం. తలుపు మూశాక పీడనం నెమ్మదిగా పెరుగుతుంది. విమానం దిగేటప్పుడు, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేసినట్టు, ఇందులోనూ వేస్తాయి. మొదటి రోజు ఆయన నొప్పిని ఓర్చుకుని మాట్లాడకుండా ఉన్నారు. ముఖం ముడుచుకోవడం బయటి నుంచి చూసిన టెక్నీషియన్ పీడనం ఆపి, గుటకలు వేయమని మైకులో చెప్పాడు. ఇక్కడ ఓర్పు పనికిరాదు. చెవి నొప్పిని దాస్తే కర్ణభేరి చిరగవచ్చు. వెంటనే చెయ్యి ఎత్తాలి. గుటక వేయడం, ఆవలించడం, ముక్కు మూసుకుని మెల్లగా ఊదడం, వీటిలో ఏదో ఒకటి ఆయనకు మూడో రోజుకల్లా అలవాటైంది.

నాలుగో రోజు జరిగింది కొడుకు చెప్పాడు. లోపలికి వెళ్లే ముందు అక్కడివాళ్లు నూలు చొక్కా, పంచె ఇస్తారు. వాచీ, ఫోను, వినికిడి యంత్రం, అన్నీ బయటే. ఆయన బట్టలు మార్చుకుని బల్ల మీద పడుకున్నారు. టెక్నీషియన్ చివరి తనిఖీలో నడుము దగ్గర తడిమితే గట్టిగా ఏదో తగిలింది. పంచె రొంటిన మూడు బీడీలు, ఒక అగ్గిపెట్టె. కావాలని తీసుకురాలేదు. నలభై ఏళ్లుగా పంచె కట్టుకున్న ప్రతిసారీ చెయ్యి చేసే పనే అప్పుడూ చేసింది. టెక్నీషియన్ ముఖం తెల్లబోయిందని, అగ్గిపెట్టెను రెండు చేతులతో పట్టుకుని గది బయటికి తీసుకెళ్లాడని కొడుకు చెప్పాడు. ఆయన బీడీ మానలేదని నాకు తెలిసింది కూడా అప్పుడే. నిజంగా మానింది ఆ రోజు నుంచి.

ఆ టెక్నీషియన్‌కు నేను ఫోను చేసి కృతజ్ఞత చెప్పాను. స్వచ్ఛమైన ఆక్సిజన్ నిండిన చోట నిప్పురవ్వ పడితే మనిషిని బయటికి తీసే సమయం కూడా ఉండదు. 1997 అక్టోబరులో మిలాన్‌లోని ఒక ఆసుపత్రి చాంబర్‌లో మంటలు లేచి 11 మంది చనిపోయారు. చేతులు వెచ్చబెట్టుకునే చిన్న పరికరం లోపలికి వెళ్లడమే కారణమన్నారు. 2025 జనవరిలో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఐదేళ్ల బాలుడు ఇలాగే ప్రాణం కోల్పోయాడు. కాబట్టి పాలిస్టర్ చీర వద్దన్నా, తలకు రాసుకున్న కొబ్బరినూనె కడుక్కుని రమ్మన్నా విసుక్కోకండి. పుండు మీద రాసే ఆయింట్‌మెంట్లలో కొన్నిటికి వాజలిన్ లాంటి నూనె ఆధారం ఉంటుంది. ఆ ఆరు వారాలూ ఈయనకు ఉప్పునీటిలో తడిపిన పలుచని నూలు గుడ్డ కట్టు మాత్రమే రాసిచ్చాను. కట్టు మీద ఏముందో చాంబర్ కేంద్రానికి చెప్పడం రోగి బాధ్యత కూడా. ఇలా మిమ్మల్ని తడిమి చూడని కేంద్రం, ఏ బట్టలతో వచ్చినా పర్వాలేదనే కేంద్రం ఎంత చవకైనా అక్కడ పడుకోకండి.

తొమ్మిదో సిట్టింగు రోజు ఆలస్యమవుతుందని ఇన్సులిన్ వేసుకుని టిఫిను తినకుండా వెళ్లారు. బయటికి వచ్చేసరికి ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. షుగరు 62. ఈ చికిత్సలో షుగరు దానంతట అదే కొంత పడిపోతుంది. షుగరు బాగా పడిపోయినా, జ్వరం ఎక్కువగా ఉన్నా ఆక్సిజన్ మోతాదు మించి ఫిట్స్ వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది. ఫిట్స్ చాలా అరుదు. వస్తే ఆక్సిజన్ ఆపగానే సాధారణంగా తగ్గిపోతాయి. ఆ రోజు తర్వాత తినకుండా ఒక్కసారి కూడా వెళ్లలేదు. షుగరు 120 కంటే తక్కువుంటే అక్కడివాళ్లు కూడా లోపలికి పంపలేదు.

ఇరవయ్యో సిట్టింగు దాటాక ఒక రాత్రి కొడుకు కంగారుగా ఫోను చేశాడు. నాయనకు బస్సు మీది బోర్డు మసకగా కనిపిస్తోందని, షుగరు కంటికెక్కిందేమోనని. అదే సమయంలో కళ్లద్దాలు లేకుండా పేపరు చదువుతున్నారని కూడా చెప్పాడు. ఆ రెండో మాటతో నాకు ధైర్యం వచ్చింది. పీడనంలో ఆక్సిజన్ వల్ల కంటి కటకం తాత్కాలికంగా మారి దూరపు చూపు తగ్గుతుంది, దగ్గరి చూపు మెరుగైనట్టు ఉంటుంది. కంటి డాక్టరుకు చూపించి కంటి వెనుక ఉండే రెటీనా పొర బాగుందని నిర్ధారించుకున్నాం. కొత్త అద్దాలు కొనవద్దన్నాను. సిట్టింగులు అయిపోయిన రెండు నెలలకు చూపు పాత స్థితికి వచ్చింది. ముందే శుక్లం ఉన్నవాళ్లకు అది ముదరవచ్చు. కాబట్టి చికిత్సకు ముందు కంటి పరీక్ష ఊరికే చేయరు.

పదిహేనో సిట్టింగుకు కొడుకు పంపిన ఫొటోలో పుండు అడుగున ఎర్రని చుక్కలు మొదటిసారి కనిపించాయి. ఆ ఫొటోను నర్సులందరికీ చూపించాను. ముప్ఫైకి పుండు ఐదు సెంటీమీటర్ల నుంచి 2.2కు తగ్గి, అంతా ఎర్రబడి నిండింది. ఇంకో పది చేద్దామా అని కేంద్రం అడిగింది. మంచి కండ వచ్చింది, చర్మం అతికించవచ్చు, ఇక్కడితో ఆపుదామన్నాను. అక్టోబరు చివర తిరుపతిలో తొడ చర్మం తీసి అతికించాను. డిసెంబరుకు పూర్తిగా మూసుకుంది.

చాంబర్ లేకుండా ఇది మానేదా? నిజాయతీగా చెప్పాలంటే, యాంజియోప్లాస్టీతోనే మానేదేమో. ఒక్క కేసుతో ఆ రెండిటినీ విడదీయలేం. యాంజియోప్లాస్టీ లేకుండా చాంబర్ ఒక్కటే అయితే మానేది కాదని మాత్రం నమ్ముతున్నాను.

ఇంకెవరికి, ఎవరికి కాదు

షుగరు పుండు కాకుండా ఈ చికిత్సకు స్థిరమైన స్థానం ఉన్నవి కొన్ని ఉన్నాయి. మూసిన బాత్రూములో గ్యాస్ గీజరు వల్లో, గదిలో జనరేటరు వల్లో కార్బన్ మోనాక్సైడ్ పీల్చి స్పృహ తప్పినవాళ్లకు అది తొందరగా కావాలి. మామూలు గాలిలో ఆ విషం సగం వదలడానికి నాలుగైదు గంటలు పడితే, మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంటన్నర లోపు, మూడు అట్మాస్ఫియర్లలో ఇరవై నిమిషాల పైచిలుకు. చాంబర్ దొరికేదాకా మాస్కు ఆక్సిజన్ మాత్రం ఒక్క నిమిషం ఆపకూడదు. కండను వేగంగా కుళ్లబెట్టే గ్యాస్ గ్యాంగ్రీన్, నీటి లోతు నుంచి వేగంగా పైకి తేలిన డైవర్లకు వచ్చే జబ్బు, రేడియేషన్ తర్వాత నెలలకు, ఏళ్లకు మూత్రంలో రక్తం పడటం, దవడ ఎముక చచ్చుబడటం కూడా ఈ జాబితాలోవే. ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోతే స్టెరాయిడ్లతో పాటు మొదటి రెండు వారాల్లోనే ఇది ఆలోచించాలి. జలుబు చేసిందని చెవిలో నూనె పోసుకుంటూ కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది.

పోయిన ఏడాది ఒక తల్లి ఆటిజం ఉన్న తన నాలుగేళ్ల బాబును తీసుకొచ్చింది. నగలు అమ్మి 40 సిట్టింగులు చేయిద్దామనుకుంటోంది. ఆటిజానికి ఇది పనిచేస్తుందన్న రుజువు లేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే ఈ ప్రచారాల గురించి ప్రజలను హెచ్చరించింది. ఆమెకు వద్దని చెప్పడం నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే ఆమెకు అంతకుముందు ఏదో ఒకటి చేద్దామని చెప్పినవాళ్లు ఆ సిట్టింగులు అమ్మేవాళ్లొక్కరే. నగలు ఉంచుకుని, చేతిలో ఉన్న డబ్బుతో మాటల శిక్షణ, ప్రవర్తన శిక్షణ ఇప్పించమని పంపించాను. ఆమె వెళ్లేటప్పుడు ఏడుస్తూ వెళ్లింది.

మా మామిడి రైతు జనవరిలో చివరిసారి వచ్చారు. మెత్తని అట్ట వేసి కొలతకు కుట్టించిన చెప్పులతో నడుచుకుంటూ వచ్చారు. హెచ్‌బీఏ1సీ 7.4. బొటనవేలు లేదు, పాదం ఉంది. మళ్లీ మేలో కొండకు వెళ్లవచ్చా అని అడిగారు. బస్సులో వెళ్లమన్నాను, మాడ వీధుల్లో ఎండ తగ్గాక మాత్రమే నడవమన్నాను, మందపాటి నూలు సాక్సులు రాసిచ్చాను. భార్య ఇప్పుడు రోజూ రాత్రి దీపం పెట్టాక ఆయన రెండు అరికాళ్లూ వెలుగులో పట్టి చూస్తున్నారు. ఆ రోజు ఎడమ పాదాన్ని కూడా సన్నని నైలాన్ పోగుతో పది చోట్ల తాకి చూశాను. ఆయన కళ్లు మూసుకుని, తగిలినప్పుడల్లా "ఊఁ" అన్నారు. మూడుసార్లే అన్నారు. ఎడమ కాలి వేలి పీడనం కూడా ఆ రోజే కొలిపించాను. 52. మూడు నెలల తర్వాత మళ్లీ కొలవాలని తేదీ వేసి పంపించాను.